డోన్ బసీలియో నడుముకి తగిన కత్తి

నా కొట్టుకొచ్చే మగాళ్లలో సగం మంది ఒంటికి కాదు, మీసానికి కత్తి కొంటారు. ఊదితే ఎగిరిపోయేలా ఉన్నవాడు మూరెడు కత్తి కావాలంటాడు. బొజ్జ ఉన్నవాడు ముందువైపు దోపుకుంటానంటాడు. వంగితే పిడి డొక్కలో పొడుస్తుందని చెప్తే మొహం మాడ్చుకుంటాడు. నేను జీన్లు, పగ్గాలు, ఒరలు కుడతాను. కత్తులు పక్క ఊరి కమ్మరి చేసి పంపుతాడు, వాటిని మనిషికి అమర్చేది నేను. కొట్టు మధ్యలో కొయ్య దిమ్మె మీద ఒక పాత జీను బిగించి ఉంచాను. కత్తి కొనాలంటే ముందు దాని మీద ఎక్కి కూర్చోవాలి, దిగాలి, గొంతుక్కూర్చోవాలి, నేల మీద పడేసిన మేకు వంగి తియ్యాలి. అంతసేపూ కత్తి ఒంటి మీద ఉన్న సంగతే గుర్తు రాకూడదు. చెయ్యి వేస్తే మాత్రం వెంటనే దొరకాలి. "కత్తి కొనడానికొచ్చామా, సర్కస్‌లో చేరడానికొచ్చామా డెల్మిరా?" అని వెటకారాలాడతారు. ఆడితే ఆడనీ. ఇరవై ఆరేళ్లుగా తాక్వారెంబో పట్నం దగ్గర ఈ ఊళ్లో నా కొట్టు నడుస్తూనే ఉంది.

డోన్ బసీలియో తెచేరాకి మాత్రం నేనెప్పుడూ ఈ పరీక్షలు పెట్టలేదు. డెబ్బై ఒక్కేళ్ల మనిషి, అందులో యాభై ఏళ్లు మందలు తోలడంలోనే గడిచాయి. తొంభై రెండు కిలోల బరువు, ఆ బరువుకి తగ్గ ఉన్ని నడికట్టు, దాని మీద వెడల్పాటి బెల్టు, వీపు వెనక అడ్డంగా దోపిన జానెడున్నర కత్తి. ఆయన ఒంటి మీద ఆ కత్తి చూడముచ్చటగా ఉండేది. దాని ఒర కుట్టింది నేనే కాబట్టి ఇంకాస్త ఎక్కువగా చూసేదాన్ని.

పోయిన వసంతంలో ఆయన్ని రాజధాని మోంతెవిదేయో తీసుకెళ్లి కడుపు కోసి సగం తీసేశారు. ప్రాణం దక్కింది, ఒళ్లు మాత్రం దక్కలేదు. చలికాలం మొదలయ్యేసరికి ఆయన చొక్కాలో ఇంకో మనిషి పట్టేంత జాగా ఏర్పడింది. కత్తిని మాత్రం వదల్లేదు.

మా దగ్గర చలి మొదలయ్యే మే నెలలో ఒక ఆదివారం ఆయన కొడుకు విల్మార్ ఇంటి పెరట్లో నిప్పుల మీద మాంసం కాల్చారు. వచ్చే శనివారం మూడు వందల ఆవుల్నీ దూడల్నీ రెండు రోజుల నడకలో ఉన్న సంతకి తోలుకెళ్లాలి, దానికి నాయకుడు విల్మార్. వెళ్లే రౌతులంతా వచ్చారు. వాళ్ల పగ్గాలు కుట్టేదాన్ని కాబట్టి నన్నూ పిలిచారు. మా దగ్గర మాంసం తినేటప్పుడు ఎవరి కత్తి వాళ్లదే. పక్కవాడి కత్తి అడిగితే ఆ మాట ఏడాది పాటు ఊళ్లో తిరుగుతుంది. డోన్ బసీలియో బల్ల మీద నుంచి పక్కటెముక అందుకోవడానికి ముందుకి వంగాడు. వెనక కత్తి ఒరతో సహా జారి దుమ్ములో పడింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. విల్మార్ లేచి ఆ కత్తి తీసి, తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టాడు. మెత్తటి ముక్క చూసి చిన్న చిన్న తునకలుగా కోసి, పళ్లెంలో పెట్టి, ఫోర్కు గుచ్చి తండ్రి ముందు ఉంచాడు. నోట్లో పెట్టడం ఒక్కటే తక్కువ.

"తిను నాన్నా. చల్లారిపోతుంది."

"శనివారం నేను ఏ పక్కన ఉండాలో చెప్పలేదేంరా?" అన్నాడు పెద్దాయన, పళ్లెం వైపు చూడకుండా.

"శనివారం ఆరుగురం నాన్నా. సరిపోతాం." విల్మార్ గొంతులో కోపం లేదు. "కత్తే నిలవని నడుముతో రెండు రోజులు జీను మీద ఎలా ఉంటావు? మేమందరం నిన్ను చూసుకోవాలా, మందని చూసుకోవాలా?"

విల్మార్ చెడ్డవాడు కాదు. ఆస్పత్రిలో నలభై రోజులు తండ్రి మంచం పక్కన నేల మీద పడుకున్నాడు. అదే నాకు మరీ ఒళ్లు మండించింది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

సోమవారం పొద్దున నేను మాతె ఆకు టీ కాచుకుంటుంటే డోన్ బసీలియో కొట్టుకొచ్చి బెల్టు తీసి బల్ల మీద పడేశాడు.

"ఇంకో రెండు చిల్లులు పొడవమ్మాయ్. బిగించి కడితే నిలుస్తుంది. శనివారం నేను వెళ్తున్నాను."

"ఎక్కండి జీను మీద."

"యాభై ఏళ్లుగా ఎక్కుతున్నా. నువ్వు నాకు నేర్పుతావా?"

"నేర్పను. చూస్తాను."

గొణుక్కుంటూ కత్తిని నడికట్టులోకే దోపుకుని ఎక్కాడు. కూర్చోగానే వెనక కత్తి పిడి వెన్నుపూసకి తగిలి ఠక్కుమంది. అక్కడ కండ ఉన్నప్పుడు ఆ పిడికి మెత్తగా చోటుండేది, ఇప్పుడు ఎముకే. ఆయన పళ్లు బిగబట్టి ఏమీ కానట్టు కూర్చున్నాడు. ముందుకి వంగమన్నాను. వంగాడు. నడికట్టు పక్కనుంచి బూడిదరంగు ఉన్ని గుడ్డ కొస ఒకటి బయటికి వేలాడింది.

"లోపల ఏం చుట్టారు?"

"చలి."

"చలికి నడుం ఒక్కటే వణుకుతోందా?"

పాత పోంచో కంబళిని నిలువునా చింపి, నాలుగు మడతలు పెట్టి నడుముకి చుట్టుకున్నాడు. పోయిన ఏడాది నడుముని గుడ్డతో మళ్లీ కట్టుకుందామనుకున్నాడు పాపం. ఆదివారం జారింది కత్తి కాదు, ఆ గుడ్డ. గుడ్డతో పాటు కత్తీ వచ్చేసింది. మా వైపు మగాళ్లు కాలు విరిగినా ఒప్పుకుంటారు కానీ, కత్తి పొడుగు తగ్గించమంటే మాత్రం ఒప్పుకోరు.

"ఈ చుట్టినదంతా తీసేస్తే కొలుస్తాను," అన్నాను. "నేను కత్తి అమర్చేది ఇప్పుడున్న మనిషికే. పోయిన ఏడాది మనిషికి అమర్చడం నా వల్ల కాదు."

ఆయన జీను దిగాడు. మొహం ఎర్రబడింది. "చిల్లులు పొడవడానికి ఇంత ఉపన్యాసమా! మీ నాన్నతో కలిసి మందలు తోలినవాణ్ని నేను. నోరు అదుపులో పెట్టుకో," అని బెల్టు లాక్కుని వెళ్లిపోయాడు. పోతూ తలుపు ధడాల్న వేశాడు.

నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది, దాని వల్ల పోగొట్టుకున్న బేరాలకి లెక్కలేదు. ఈసారి మాత్రం బేరం పోయిందని కాదు బాధ. ఆయన ఆ గుడ్డ కొసని నాకు కనపడకుండా వేలితో లోపలికి తోసుకోవడం పదే పదే గుర్తొచ్చింది. ఆ రోజు ఒక్క కుట్టూ తిన్నగా పడలేదు.

మంగళవారం తలుపు తియ్యగానే గుమ్మంలో ఉన్నాడు. నడికట్టు లేదు, చుట్టిన గుడ్డ లేదు. వదులు బొంబాచా లాగు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కొట్టు ముందు నుంచి ఇద్దరు వెళ్తూ చూశారు. ఆయన వాళ్లనీ చూశాడు, లోపలికొచ్చాడు.

"కొలువు," అన్నాడు.

కొలిచాను. డెబ్బై సెంటీమీటర్లు. ముందువైపు చిన్న కత్తి దోపి చూశాను. కూర్చోగానే కోత మచ్చ మీద ఒత్తుకుని ఆయన పెదాలు పాలిపోయాయి. పక్కకి కట్టాను. గుర్రం మీద మోకాలు పైకి లేస్తే ఒర తొడలో గుచ్చుకుంది. వెనక సంగతి నిన్ననే తేలింది.

"అయితే ఎక్కడ పెట్టుకోమంటావు, నెత్తి మీదా?"

"జేబులో. మడత కత్తి."

"మడత కత్తా! మందుల షాపువాడు నారింజపండు ఒలుచుకుంటాడే, అదా?"

"మందుల షాపువాడు శనివారం మందతో వెళ్లడం లేదు. మీరు వెళ్తున్నారు."

ఈ ఊళ్లో ఆయన వెళ్తున్నాడని ఆయన కాక ఇంకో మనిషి అనడం అదే మొదటిసారి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూడనట్టు సొరుగు లాగాను.

ఐదు మడత కత్తులు బల్ల మీద పెట్టాను. కొమ్ము పిడి, ఇత్తడి కొసలు ఉన్నది ఆయనకి నచ్చింది. జేబులో వేసి నడవమంటే ఆ బరువుకి బొంబాచా ఒక పక్కకి జారి, కత్తి అడుగడుక్కీ మోకాలికి కొట్టుకుంది. రెండోదాన్ని గోటితో లాగి తెరవాలి. జబ్బు పడ్డాక ఆయన గోళ్లు పెళుసుబారాయి, తెరవబోతే చిట్లింది. పళ్లతో తెరవబోయాడు.

"ఆ పెట్టుడు పళ్లు మందలో పడితే ఎవరు వెతుకుతారు?" అని లాక్కున్నాను.

చివరికి తేలిక చెక్క పిడి ఉన్నది కుదిరింది. మడిచినా అలుగు వీపు సగం బయటికే ఉంటుంది, రెండు వేళ్లతో చిటికెలా పట్టి లాగితే తెరుచుకుంటుంది. అలుగు నాలుగు వేళ్ల పొడుగు, ఆయన అరచేతికి సరిపోయింది. ఇక జేబు సంగతి. కూర్చున్నప్పుడు తొడ పైకి లేచి జేబు మూతి మూసుకుపోతోంది. బొంబాచా పక్క కుట్టు విప్పి, తొడ ముందుకి ఏటవాలుగా కొత్త జేబు కోశాను. లోపల మేకపిల్ల తోలు వేశాను. పిడి కొస మూతికి ఒక్క వేలు కిందకి ఉండేలా లోతు పెట్టాను. నడుం దగ్గర గుడ్డ కూడా లోపలికి పట్టాను. మైనం దారంతో, రెండు వరసలు.

బుధవారం నుంచి రోజూ వచ్చాడు. కొయ్య జీను ఎక్కి, పగ్గం ఎడం చేతిలో పట్టుకుని, కుడి చేత్తో కత్తి తీసి, పిడిని ఎడం చేతికిచ్చి, కుడిచేతి వేళ్లతో అలుగు లాగి, మళ్లీ కుడి చేత్తో పట్టి కొయ్యాలి. నేను దూలానికి తోలు ముక్కలు వేలాడదీశాను. మొదటిరోజు కత్తి మూడుసార్లు కింద పడింది. "మళ్లీ," అన్నాడు నేను అనేలోపే. గురువారం దగ్గు తెర వచ్చి పది నిమిషాలు జీను మీదే తల వాల్చాడు. ఇవాళ్టికి చాలన్నాను.

"చాలో చాలదో నా ఒంటికి తెలుసు. తోలు ముక్క కట్టు."

శుక్రవారం సాయంత్రానికి నా తోలు ముక్కలు అయిపోయాయి.

శనివారం తెల్లవారుతుండగా నేనూ దొడ్డి దగ్గరికెళ్లాను. పని ఏమీ లేదు, చూడాలనిపించి వెళ్లాను. మంచు ఇంకా నేల మీదే ఉంది. ఆరుగురు రౌతులు గుర్రాల మీద ఉన్నారు, ఆవులు లోపల అరుస్తున్నాయి. డోన్ బసీలియో తన బూడిద గుర్రం మీద తాపీగా వచ్చి ఏడో గుర్రంగా నిలిపాడు.

విల్మార్ ముందు తండ్రి వీపు వెనక్కి చూశాడు. అక్కడ కత్తి లేదు. అతని మొహంలో దిగులు తగ్గింది. "వీడ్కోలు చెప్పడానికొచ్చావా నాన్నా? ఇంత చలిలో ఎందుకు?"

"వీడ్కోలు మీ అమ్మకి చెప్పొచ్చాను."

"కత్తి లేకుండానే?"

"ఉంది."

"ఎక్కడ?"

"నా ఒంటికి ఎక్కడ పడుతుందో అక్కడ."

రూబెన్ అనే కుర్ర రౌతు కిసుక్కున నవ్వాడు. విల్మార్ నవ్వలేదు. తన జీను నుంచి ఒక తోలు తాడు విప్పి, కొసని కంచె గుంజకి ముడేసి, రెండో కొస చేత్తో బిగించి పట్టుకున్నాడు. "గుర్రం ఆగకుండా దీన్ని కొయ్యి. కొయ్యలేకపోతే ఇంటికెళ్లాలి. మాటంటే మాటే."

డోన్ బసీలియో గుర్రాన్ని అదిలించాడు. జేబులోంచి కత్తి వచ్చింది, కానీ చలికి కొంకర్లు పోయిన వేళ్లు అలుగుని పట్టలేకపోయాయి. తాడు దాటి వెళ్లిపోయాడు. "నాన్నా, ఇక—" అని విల్మార్ అంటుండగానే ఆయన గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. దారిలో కుడిచేతి వేళ్లు నోట్లో పెట్టుకుని వెచ్చబరుచుకున్నాడు. ఈసారి ఇంకా జోరుగా వచ్చాడు. తాడు తెగి విల్మార్ చేతిలో సగం మిగిలింది. అవతల గుర్రం ఆపేసరికి కత్తి మడిచి జేబులో ఉంది.

విల్మార్ చేతిలోని ముక్కనే చూస్తున్నాడు. "కత్తి సరే నాన్నా," అన్నాడు చివరికి. "మంద ముందు నిలబడేది ఎప్పుడూ నువ్వే. ఒక్క ఆవు అడ్డం తిరిగితే నీ గుర్రం మీద ఇప్పుడు దాన్ని ఆపే బరువు లేదు. అక్కడికి నేను పంపలేను. నన్ను అడగొద్దు."

"అక్కడికి పంపమని ఎవరన్నారు?" డోన్ బసీలియో గుర్రాన్ని కొడుకు గుర్రం పక్కకి తెచ్చాడు. అందరికీ వినపడేలా మాట్లాడాడు. "యాభై ఎనిమిది కిలోలు. మొన్న ధాన్యం కాటా మీద నిలబడి చూసుకున్నాను. నీ దగ్గర యాభై ఎనిమిది కిలోల మనిషికి పనుందా లేదా? ఉంటే ఎక్కడో చెప్పు. అక్కడే ఉంటాను."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఈ మనిషి ఐదు రోజుల క్రితం నడుముకి గుడ్డ చుట్టుకుని నా ముందు అబద్ధం చెప్పాడు.

విల్మార్ చాలాసేపు తండ్రి మొహం చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక అతను తండ్రిని అలా తిన్నగా చూడడం నేనైతే చూడలేదు. తెగిన తాడు ముక్కని జీనుకి కట్టుకున్నాడు.

"ఎడం పక్క, దూడల వెంట," అన్నాడు. "వాటికి ఓపికైన మనిషి కావాలి."

ఇంకో మాట లేకుండా డోన్ బసీలియో ఎడం పక్కకి వెళ్లాడు. దొడ్డి కాపలా మనిషి గేటు గడియ మీద చెయ్యి వేసి, "ఎంతమంది విల్మార్, ఆరుగురేగా?" అని కేకేశాడు.

"ఏడుగురం," అని కసిరాడు విల్మార్. "కళ్లు కనపడట్లేదా? గేటు తియ్యి."