నూట నలభై నాలుగు స్తంభాలు

ఐదో తరగతితోనే బడికి సలాం కొట్టినా, తెనాలిలో సెట్టింగుల పనంటే సైదావలే. పెళ్లిళ్లకు, సభలకు కర్రలు, గుడ్డ, థర్మోకోల్‌తో కోటలు లేపేవాడు. పాతికేళ్లలో చేసిన తప్పు ఒక్కటే. బాపట్లలో ఒక పెళ్లికి తాజ్‌మహల్ కడుతుంటే నాలుగో మినారుకు పక్కింటి ప్రహరీ అడ్డొచ్చింది. మూడింటితో సరిపెట్టాడు. మైకుసెట్టు దేవదానం అది కనిపెట్టి, "మూడు మినార్ల సాయిబు" అని మైకులోనే అనేశాడు. ఆరేళ్లయింది. సైదావలి ఏ ఊళ్లో బండి దిగినా ఆ పేరు అతనికన్నా ముందే దిగుతోంది.

2008లో రేపల్లె రైసుమిల్లు బసవేశ్వరరావు కబురు పెట్టాడు. వచ్చే ఎన్నికల్లో ఎంపీ టిక్కెట్టు మీద కన్నేసిన మనిషి. కూతురు సాహితి రిసెప్షన్‌కు పార్లమెంటు భవనం కావాలన్నాడు.

"గుండ్రంగా ఉండాలి. చుట్టూ తిరిగి చూడాలి జనం. భోజనాలు లోపలేనయ్యా."

"స్తంభాలెన్నండి?"

"ఎన్నో కొన్ని పెట్టవయ్యా. ఎవడు లెక్కపెడతాడు?"

ఎవడు లెక్కపెడతాడో సైదావలికి తెలుసు. ఆ రిసెప్షన్‌కు మైకు దేవదానానిదే.

క్యాలెండరు బొమ్మలో ముందు భాగమే ఉంది. చదువుకున్నవాళ్లని అడిగితే ఒకాయన వంద అన్నాడు. ఇంకొకాయన నూటెనిమిది అని చెప్పి, మంచి సంఖ్యేగా అన్నాడు. ఇక లాభం లేదని సైదావలి ఢిల్లీ బండెక్కాడు.

"గుంటూరు కలెక్టరాఫీసే సరిగ్గా చూళ్లేదు నువ్వు," అంది భార్య ఫాతిమా రొట్టెలు పొట్లం కడుతూ. "ఎందుకెళ్తున్నావో ఎవరికీ చెప్పకు. నవ్విపోతారు."

ఢిల్లీలో భవనాలన్నీ బాగానే కనబడ్డాయి, దగ్గరికే పోనివ్వలేదు. ఎర్రరాతి ఆఫీసులు చూశాడు, రాష్ట్రపతి ఇంటి ఇనుప గేటు చూశాడు. పార్లమెంటు దగ్గర నిలబడనివ్వరు, నడుస్తూనే చూడాలి. సైదావలి జేబులోంచి పురికొస తీశాడు. పనిలో అతని లెక్కంతా ముడుల మీదే. స్తంభానికొక ముడి వేసుకుంటూ నడిచాడు.

ముప్పై ఎనిమిదో ముడి దగ్గర భుజం మీద చెయ్యి పడింది.

తుపాకీ జవాను అతన్ని గుడారంలోకి తీసుకెళ్లాడు. అక్కడి పెద్దాయన పురికొసను తిప్పి తిప్పి చూశాడు. సైదావలి తన తెనాలి ఉర్దూలో పెళ్లి, రైసుమిల్లు, మూడు మినార్లు, స్తంభాల లెక్క అన్నీ వెళ్లబోసుకున్నాడు.

"పార్లమెంటులో పెళ్లి భోజనాలా?"

"అవును సాబ్. వెయ్యిమందికి."

"నూట నలభై నాలుగు," అన్నాడు పెద్దాయన. "ఇరవై రెండేళ్లుగా ఇక్కడ డ్యూటీ చేస్తున్నా. అడిగినవాడివి నువ్వొక్కడివే. ఇంక బండెక్కు."

పురికొస మాత్రం తిరిగివ్వలేదు.

ఇంటికొచ్చాక ఫాతిమా మాట వినలేదు. కనబడిన ప్రతివాడికీ ఆ లెక్క చెప్పుకున్నాడు. బాపట్ల నుంచి సరుగుడు బాదులు తెప్పించి, గోనెపట్టా చుట్టి, సున్నం పూసి, నూట నలభై నాలుగూ నిలబెట్టాడు. రిసెప్షన్ రోజు పొద్దున్నే బసవేశ్వరరావు వచ్చి చూసి మురిసిపోయాడు. మురిపెం తీరాక వేలు చూపించాడు.

"ఎదర ఆ ఎనిమిదీ పీకెయ్. నా కటౌట్ అక్కడ పెట్టాలి."

"అయ్యా, ఢిల్లీ వెళ్లి లెక్క తెచ్చుకున్నానండి..."

"ఢిల్లీ వెళ్లాల్సింది నేనయ్యా, నువ్వు కాదు!"

పీకాడు. పారేయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఎనిమిదింటినీ వెనక్కి మోసుకెళ్లి, చేతులు కడుక్కునే చోట వరసగా పాతాడు. కుళాయి గొట్టం వాటికే కట్టించాడు.

సాయంత్రం దేవదానం పనిగట్టుకుని చుట్టూ తిరిగాడు. "నూట ముప్పై ఆరు! ఏంటి సాయిబూ, ఇక్కడా ప్రహరీ అడ్డొచ్చిందా?"

"ఇటు రావయ్యా," అని సైదావలి అతన్ని చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లాడు. "ఇప్పుడు లెక్కపెట్టు."

ఎనిమిది స్తంభాల దగ్గరా జనం పుక్కిలించి ఊస్తున్నారు. దేవదానం వాళ్ల తలల మీదుగా వేలు ఆడిస్తూ లెక్కపెట్టి, "సరిపోయిందోయ్," అన్నాడు. ఒట్టు, ఎగతాళి లేకుండానే అన్నాడు. ఆరేళ్ల తర్వాత సైదావలి గుండెల నిండా గాలి పీల్చుకోబోయాడు.

అది సగం పీల్చేలోపే దేవదానం వెళ్లి మైకు అందుకున్నాడు. "పెద్దలకు మనవి! భోజనాలైనవాళ్లు పార్లమెంటు వెనక్కి దయచేయండి. చేతులు కడుక్కోడానికి సైదావలిగారు ఎనిమిది స్తంభాలు ప్రత్యేకంగా వేయించారు!"

మూడు మినార్ల పేరు ఆ రోజుతో పోయింది. మర్నాడు తెనాలి బండిలో ఎవరో తెలియనివాడు జరిగి చోటిచ్చాడు.

"కూర్చో బాబాయ్. చేతులు కడిగే పార్లమెంటు కట్టింది నువ్వేగా?"