అన్నం ఉడికేదాకా వాక్యం

శనివారం సాయంత్రం వంటింట్లో కత్తిపీట ముందేసుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నాను. మరునాడు మా చర్చిలో స్త్రీల ఆదివారం. సంఘమంతటికీ ప్రేమ విందు. గుట్టగా పోసిన ఉల్లిగడ్డల్లో సగమైనా తరగలేదు, కళ్ళు మండిపోతున్నాయి. మా ఆయన దేవసహాయం గుమ్మంలో నిలబడి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"రేపటి వాక్యం గురించి నువ్వు పరేషాన్ గాకు. హయత్‌నగర్ చర్చి పెద్దయ్యగారికి చెప్పిన, ఒస్తనన్నడు. నువ్వు బగారన్నం జూసుకో, సాలు."

నా చెయ్యి ఆగిపోయింది. స్త్రీల సమాజంలో అందరం కూర్చుని, ఈ ఏడాది బయటివాళ్ళెవరూ వద్దు, ఆరాధనలో వాక్యం, అంటే ప్రసంగం, దయామణి సిస్టరే చెప్పాలని తీర్మానం చేసుకున్నాం. దయామణి అంటే నేనే. మా ఆయన సంఘానికి కార్యదర్శి కాబట్టి ఆ కబురు ఆయనకు మొదట చెప్పిందీ నేనే, సంతోషం పట్టలేక, అన్నం వడ్డిస్తూ. అప్పుడాయన "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" వెనకాల ఇంత ఉందని నాకేం తెలుసు?

"నన్ను జెప్పమన్నరు గద?" అన్నాను.

"అన్నరు. ఎవలు కాదన్నరు? కానీ పెద్దలేమనుకుంటరో నేను జూసుకోవాలె గద. దవాఖానల సూదులిచ్చినట్టు గాదు, వాక్యం జెప్పుడంటే. కావాల్నంటే దేవుడు నీకు జేసిన మేలు గురించి రెండు నిమిషాలు సాక్ష్యం జెప్పు."

లోపలి గదిలో మంచం మీదనుంచి మా అత్త సైదమ్మ అందుకుంది. "మొగోళ్ళ ముంగట నిలవడి ఆడిది నీతులు జెప్పుడేందే? మా కాలంల యాడ జూడలె."

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. అక్కడ నన్ను సిస్టర్ అంటారు. ఎల్బీనగర్‌లో మా చర్చిలోనూ సిస్టర్ అనే అంటారు. రెండు చోట్లా ఆ పిలుపు వెనకే ఒక పని వస్తుంది. సిస్టర్, సెలైన్ అయిపోయింది. సిస్టర్, తివాచీలు దులిపించాలి. ఆదివారం ఆరాధన అయ్యాక ముసలివాళ్ళంతా బీపీ చూపించుకోవడానికి నా ముందు వరస కడతారు. సంఘంలో ఏ ఆడమనిషి కన్నుమూసినా స్నానం చేయించి, జడ వేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టేది నేను. ఆ తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి ప్రార్థన చేసేది మా ఆయన. "దేవసహాయంగారు లేకపోతే ఆ రోజు మాకు దిక్కే లేదు" అని ఆ ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. దానికి నాకు ఏడుపు లేదు. చల్లబడ్డ చేతులు పట్టుకుని నేను లోలోపల చేసుకున్న ప్రార్థనలు చేరవలసిన చోటికి చేరాయనే నా నమ్మకం. కడుపు పోయి, గోడవైపు తిరిగి పడుకున్న ఆడపిల్లల పక్కన కూర్చుని నేను చెప్పిన నాలుగు మాటలు వాక్యం కాకపోతే మరేమిటి? అయినా పుల్పిట్ దగ్గర నిలబడి, అందరి ముఖాలూ చూస్తూ, ప్రభువు నాతో ఏం మాట్లాడాడో నా నోటితో చెప్పాలని నాకు ఆశ. పెళ్ళికి ముందునుంచీ ఉన్న ఆశ. అది తప్పని నాకు ఏనాడూ అనిపించలేదు.

మా స్త్రీల ఆదివారం సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. ఏడాదికి ఒక్క ఆదివారం చర్చి మాది. పాటలు మావి, ప్రార్థనలు మావి, కానుకల పళ్ళేలు పట్టేదీ మేమే. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ వంటవాళ్ళను పిలుస్తారు. ఈ ఒక్క రోజు మాత్రం, మీ పండగ కదమ్మా, మీ చేతి వంట తినాలి అంటారు. పండగ మాదైతే పొయ్యి కూడా మాదే. వాక్యానికి మాత్రం ఎక్కడినుంచో ఒక మగాయన వస్తాడు. వచ్చినాయన ఎవరైనా సరే చెప్పే బైబిలు కథ ఒక్కటే. ప్రభువు ఇంటికొస్తే వంట హడావిడిలో పడి విసుక్కున్న అక్క, ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు విన్న చెల్లెలు. చెల్లెలే మంచిది ఎంచుకుంది అన్నాడు ప్రభువు. "కాబట్టి అమ్మలారా, పనుల్లో మునిగిపోకండి, ఆ చెల్లెలిలా కూర్చోండి" అని ఆయన లోపల గొంతెత్తి చెబుతుంటే, మేము వెనక రేకుల షెడ్డులో గరిటెలు పట్టుకుని నిలబడి మైకులో వినేవాళ్ళం.

ఇంకో ముచ్చట కూడా ఉంది. బగారన్నం దమ్ముకు రాకపోతే మా చర్చిలో వాక్యం ముగియదు. మా ఆయన వెనక తలుపులోంచి తొంగిచూసి "అయిందా?" అని సైగ చేస్తాడు. ఇంకా కాలేదని నేను తల ఊపితే, లోపలికి వెళ్ళి ఇంకా సాగించమన్నట్టు పుల్పిట్ వైపు చెయ్యి తిప్పుతాడు. వాక్యం చెప్పే ఆయన ఇంకో ఉదాహరణ అందుకుంటాడు. అన్నం ఉడికేదాకా ఆ చెల్లెలు అలా కూర్చునే ఉంటుంది పాపం. ఇన్నేళ్ళూ అది తలుచుకుని నవ్వుకునేదాన్ని. ఆ శనివారం మాత్రం నవ్వు రాలేదు.

బట్టలు తీసుకురావాలన్న సాకుతో డాబా మీదికి వెళ్ళాను. ఆరిన బట్టలు భుజం మీద వేసుకుని, కింద హైవే మీద విజయవాడ బస్సుల హారన్ల మధ్య దేవుడితో గట్టిగానే మాట్లాడాను. నాకు కోపంగా ఉంది ప్రభువా, ఇది గర్వమైతే తీసెయ్యి, నీ మాట చెప్పాలన్న ఆశే అయితే నాకు ధైర్యం ఇవ్వు అన్నాను. నిజం చెప్పొద్దూ, భయం కూడా వేసింది. మా ఆయన చెయ్యి ఎత్తే మనిషి కాదు, మాట మానేసే మనిషి. అలిగితే వారాల తరబడి గోడలా తిరుగుతాడు. పలకని మనిషికి మూడు పూటలా కంచం పెట్టడం ఎంత అవమానమో పెట్టినవాళ్ళకే తెలుస్తుంది. కానీ ఈసారి ఊరుకుంటే ఇక జన్మలో అడగలేనని నాకు తెలుసు. బట్టలు కూడా దించకుండానే హయత్‌నగర్ పెద్దయ్యగారికి ఫోన్ కలిపాను.

"వందనాలయ్యగారూ. నేను దేవసహాయం భార్యను, దయామణిని. రేపు మీరు తప్పకుండ రావాలె. కాకపోతే వాక్యం నేను జెప్తున్న. మీరు వినడానికి రండి."

అవతల చిన్నగా నవ్వు వినబడింది. "జీవితమంత జెప్పుడే అయింది తల్లీ. కూసొని విన్నది యాదికి లేదు. తప్పకుండ ఒస్త."

వెంటనే సంతోషికి ఫోన్ చేశాను. సంతోషి మా స్త్రీల సమాజం కార్యదర్శి. కొత్తపేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది, కాబట్టి అసలు చిక్కు ఎక్కడుందో చప్పున పట్టేసింది.

"అంతా బాగానే ఉంది ఆంటీ. కానీ మీరు లోపల వాక్యం చెప్తుంటే మేమంత షెడ్డుల ఉంటం కద. మీరు చెప్పేది ఎవరికి, మగవాళ్ళకేనా?"

అదీ నిజమే. నేను పుల్పిట్ ఎక్కినా మావాళ్ళు మళ్ళీ మైకులోనే వినాలి. బట్టలు పిట్టగోడ మీద పెట్టి ఆలోచించాను.

"బియ్యం కడిగి నానబెడదాం. చికెన్‌కు మసాలా పట్టిద్దాం. ఉల్లిగడ్డలు నేను కోసుకొస్త. పొయ్యి మాత్రం ముట్టియ్యొద్దు. ఒక్కరు గూడ కూసున్నకాడ నుంచి లేవొద్దు."

"ఆంటీ!" అని ఒక్క అరుపు అరిచి, పడీ పడీ నవ్వింది సంతోషి. "అందరికీ నేను చెప్త. ఎవరు లేస్తరో చూస్త."

కిందికి వచ్చి మిగతా ఉల్లిగడ్డలు కోశాను. కోపం వచ్చిందని అవి వాటంతట అవి తెగవు కదా.

దొంగతనంగా చెయ్యడం నాకిష్టం లేదు. పొద్దున మా ఆయన బూట్లు తుడుచుకుంటుంటే ఎదురుగా నిలబడి చెప్పాను. వాక్యం నేనే చెబుతున్నాను, పెద్దయ్యగారికీ చెప్పేశాను అని.

"సంఘంల నా ఇజ్జత్ తీస్తవా?"

"నేను నోరు మూసుకుంటేనే నిలిచే ఇజ్జతేందయ్యా అది?" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చిందని నమ్మడానికి నాకే కాస్త సమయం పట్టింది. ఆయన మాత్రం ముఖం ముడుచుకుని, వాళ్ళమ్మను బండి మీద ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

చర్చి గుమ్మంలో మా పాస్టరు అయ్యగారు చేతులు నలుపుకుంటూ ఎదురొచ్చారు. ఆయనది తెనాలి వైపు, మెత్తని మనిషి. "వందనాలండీ సిస్టర్‌గారూ. ఇలాంటివి కాస్త ముందే అనుకుని ఉంటే బాగుండేదండీ."

"ముందే అనుకున్నం అయ్యగారూ. మీ చెవిన వెయ్యాల్సిన కార్యదర్శి మా ఇంట్లనే ఉన్నడు."

పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. హయత్‌నగర్ పెద్దయ్యగారికి శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టాం. సంతోషి మైకు అందుకుని నా పేరు పిలిచింది. పుల్పిట్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మొదట పుస్తకాల భాషలో ఏదో మొదలుపెట్టాను. నా గొంతు నాకే పరాయిగా వినబడింది. ఎదురుగా చూస్తే ఆడవాళ్ళంతా ఉన్నారు, ఒక్కరు కూడా తగ్గకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని. స్త్రీల ఆదివారం నాడు వాళ్ళను అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. నా గొంతు దానంతటదే సర్దుకుంది.

"అక్కాచెల్లెండ్ల కథ మీకందరికి ఒచ్చు. నాకైతే షెడ్డుల నిలవడి నిలవడి నోటికొచ్చింది," అన్నాను. ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు లేచింది. "ప్రభువు ఆ అక్కను తిట్టలే. ఎందుకమ్మా ఇంత తిప్పలపడ్తవన్నడు. ఆమె కూడ కూసొని తన మాట వినాలనే ఆయన ఆశ. మళ్ళ వంటింట్లకు పొమ్మనలే. సరే, అక్క కూసున్నది, చెల్లె కూసున్నది. మరి ఇంటికొచ్చినోళ్ళు ఆకలితోని పోయిండ్రా?"

అప్పుడే మా ఆయన అలవాటు కొద్దీ లేచి వెనక తలుపు వైపు వెళ్ళాడు. షెడ్డులోకి తొంగిచూశాడు. తిరిగొచ్చినప్పటి ఆయన ముఖం చూసి తీరాలి. పుల్పిట్ మీదనుంచి నాకు బాగా కనబడింది.

"ఆ ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలే కాదు, వాళ్ళకొక తమ్ముడు గూడ ఉన్నడు," అన్నాను. "సమాధిలకు పోయినంక ప్రభువు పిలిచి లేపిన తమ్ముడు. అక్క ఎట్లుండాలె, చెల్లె ఎట్లుండాలె అని ఇన్నేండ్లు మాకు జెప్పిండ్రు. గా తమ్ముడు ఆ పూట ఏం జేస్తున్నడని ఒక్కరన్న అడిగిండ్రా? ప్రభువు పిలిస్తే సమాధిల నుంచి లేచినోడు, అక్క పిలిస్తే పీట మీద నుంచి లేవలేడా?"

ఎవరో ఒకామె "ఆమెన్" అంది. ఇంకొకామె అందుకుంది. ఆ చర్చిలో ఆడవాళ్ళు అంత గట్టిగా ఆమెన్ అనడం గోడలు కూడా వినలేదేమో.

"వెనక బియ్యం నానుతున్నయి. అన్ని కోసి, కలిపి పెట్టినం. పొయ్యి ముట్టియ్యలే. నా వాక్యం అయిపోయింది," అని చెప్పి దిగి, వెళ్ళి కూర్చున్నాను.

ఎవరూ కదలలేదు. మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు, అయ్యగారు పైకప్పు చూస్తున్నారు. ఇప్పుడు మావాళ్ళలో ఒక్కరు జాలిపడి లేచినా అంతా నీళ్ళ పాలే. అంతలో ముందు కుర్చీలోంచి మా అత్త గొంతు వినబడింది.

"ఏ దేవసాయం! నాకు షుగరున్నది, యాల్లకు తినాలె. గా తమ్ముని లెక్క కూసోకు, లే. పొయ్యి ముట్టియ్యి."

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. అందరికంటే ముందు హయత్‌నగర్ పెద్దయ్యగారు లేచి, శాలువా మడిచి కుర్చీలో పెట్టి, చొక్కా చేతులు పైకి మడిచారు. "పా దేవసహాయం. పెద్దామె చెప్పింది గద." మా ఆయన లేచాడు. ఆయన వెనకాల పెద్దలు, వాళ్ళ వెనకాల మిగతా మగవాళ్ళు. మేము పాట అందుకున్నాం. ఒకటి అయిపోతే ఇంకొకటి, ఎవరికి ఏది ఇష్టమైతే అది. నడుమ ఒకసారి వెనక తలుపులోంచి మా ఆయన తల కనబడింది. కళ్ళు పొగకు ఎర్రబడ్డాయి. నీళ్ళెన్ని పొయ్యాలని చేత్తో సైగ చేశాడు. పాట ఆపకుండానే వేళ్ళతో చూపించాను. నాకు ఏడుపొచ్చింది. అది సంతోషమేనని నాకు బాగా తెలుసు.

బగార కాస్త మెత్తబడింది. చికెన్‌లో కారం దంచికొట్టారు. ఎవరూ వంక పెట్టలేదు. మా అత్త పక్కనే కుర్చీ వేసుకుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, నింపాదిగా తిన్నాను. మా ఆయన కూర గిన్నె పట్టుకుని వరసలో వస్తున్నాడు. నా దగ్గరికొచ్చి, ఏమీ అనకుండా రెండు ముక్కలు ఎక్కువే వేశాడు.

అప్పుడు అయ్యగారు వచ్చి నా ముందు నిలబడ్డారు. "చాలా బాగా చెప్పారండీ సిస్టర్‌గారూ. ఈ కథ ఇన్నిసార్లు చెప్పాను, ఆ తమ్ముడు నాకు తట్టనే లేదు. వచ్చే ఏడాది స్త్రీల ఆదివారానికి కూడా వాక్యం మీరే చెప్పాలి."

నేను ముద్ద మింగి, నీళ్ళు తాగి, ఆయన ముఖంలోకి చూశాను.

"ఒచ్చే ఏడాది దాక ఎందుకయ్యగారూ? ఒచ్చే ఆదివారం నాకు డ్యూటీ లేదు."