పాలకు వచ్చిన మేక

“పాలు ఊరికే వచ్చేటివే గదా, లేయా” అన్నాడు దేవప్ప.

లేయమ్మ చేటలో కొర్రలు పోసుకుని రాళ్ళేరుతోంది. ఒళ్ళో ఎనిమిది నెలల కూతురు తబిత పాలు తాగుతూ నిద్రలోకి జారుతోంది. గడపలో నిలబడ్డ మొగుడి చేతుల్లో మిషను తెల్ల తువాలు, అందులో పిడికెడంత పసిగుడ్డు. కొండ వెనక సుగాలి తండాలో బాలింత జ్వరంతో చనిపోయిందట. కరువు గంజి పోయించడానికి హిందూపురం నుంచి మోటారులో వచ్చిన దొరసాని బిడ్డను చూసి, అంత దూరం తీసుకుపోతే దారిలోనే ప్రాణం పోతుందని దిగులుపడిందట. “దానికేమమ్మా, మా ఇంట్లో పాలుండాయి” అన్నాడట దేవప్ప. ఉట్టిమీది కుండలో ఉన్నాయన్నట్టు. పేరు కూడా అక్కడే పెట్టేశారు, కృపాదానమని. లేయమ్మను మాత్రం ఎవరూ అడగలేదు.

అడగడం ఆ ఇంట్లో లేని అలవాటు. ఆ మాటకొస్తే పుట్టింట్లోనూ లేదు. హిందూపురం మిషను బడిలో ఆరో తరగతి చదువుతుండగా, పెనుకొండ పక్క ఊళ్ళో వాక్యం చెప్పడానికి వేసిన కొత్త ఉపదేశి దేవప్పకు చదువొచ్చిన పెళ్ళాం కావాలని అయ్యగారు ఆమె నాయనతో అన్నారు. చదువొచ్చిందని చదువు మాన్పించారు. అది తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ ఆమెకు తెలియదు. వచ్చిన నాటి నుంచి తండా పిల్లలకు అక్షరాలు దిద్దించేది ఆమె. గంజి కాచేది, పుళ్ళు కడిగి మందు రాసేది, ఆడవాళ్ళకు పాటలు నేర్పేది ఆమె. జీతం దేవప్పకు. ఒకసారి ఆ మాట నోరు జారితే, “ఇద్దరూ ఒకటేనని పెండ్లినాడు అయ్యగారు చెప్పిరి గదా, ఒకరికి రెండు జీతాలు ఎవరిస్తారు?” అని నవ్వాడు. ఒకటే అయితే, ఆ ఒక్కదాంట్లో పొగచూరే సగమేదో, కుర్చీలో కూర్చుని దొరసానికి సంగతులు చెప్పే సగమేదో ఆమె అడగలేదు. ధర్మవరంలో ఆమె అమ్మ ఒక షావుకారింట్లో పట్టునూలు చుట్టేది. వాడు పిసినారి, తిట్టుబోతు. అయినా వారం తిరిగేసరికి అమ్మ కొంగులో కూలి పడేది.

కుడివైపు కృపాదానానికి, ఎడమవైపు తబితకు అని పంచింది లేయమ్మ. వాడు పుట్టగానే ఆకలి చూసినవాడు, అంత తొందరగా వదిలేవాడు కాదు. కుడివైపు అయిపోతే ఎడమవైపుకు తల తిప్పి వెతుక్కునేవాడు. తబిత నడుముకు కట్టిన నల్లదారం జారి తొడల మీదికి రావడం మొదలైంది. ముడి విప్పి బిగించి కట్టింది. మళ్ళీ జారింది. నిద్రపోతున్న బిడ్డను తడిమి తడిమి చూసుకునేది. ఊపిరి ఆడుతోందా? ఒళ్ళు ఇంత చల్లగా ఉందేమిటి? మొన్న కూడా పక్కటెముకలు ఇలాగే తగిలాయా? ఒకరోజు కృపాదానం నోట్లోంచి రొమ్ము లాగేసింది. వాడు ఏడవలేదు. పాలు కారుతున్న నోటితో ఆమె మొహంలోకి చూశాడు. అంత పసివాడిమీద అంత కోపం వచ్చినందుకు సిగ్గేసి మళ్ళీ దగ్గరికి తీసుకుంది. కోపం వాడిమీద కాదని ఆమెకు తెలుసు. అది ఎవరిమీదో, వాళ్ళ నోట్లోంచి లాగేసుకుందామంటే వాళ్ళకు ఆమె పాలివ్వడం లేదు.

“మగబిడ్డకు ముందు తాపమ్మే” అనేది అత్త. “ఆడపిల్ల అంబటి నీళ్ళకైనా పెరుగుతాది. మేం పెరగల్యా?” సంగటి దగ్గర కూర్చుంటే ఇంకో మాట. “ఇద్దురి కూడు తింటాండావు. ఇంట్లో ఇంగా మనుషులుండారని గ్యాపకం ఉండాదా?”

దొరసాని దగ్గర డబ్బాపాలు ఉంటాయి కదా, ఒక డబ్బా అడగమంది మొగుడిని. దేవప్ప మొహం ముడుచుకున్నాడు. “యెట్ల అడిగేది? మనం సేవ జేస్తాండామని ఆయమ్మ సంబరపడుతాంటే, పోయి డబ్బాపాలు అడిగితే మర్యాదగా ఉంటాదా?”

తర్వాతి నెల దొరసాని వచ్చింది. బుగ్గలు వచ్చిన కృపాదానాన్ని ఎత్తుకుని, “దేవప్పగారూ, మీరు చాలా గొప్ప త్యాగము చేసినారు” అంది, తన పుస్తకాల తెలుగులో. దేవప్ప చేతులు కట్టుకుని తల వంచుకున్నాడు. లేయమ్మ ఆయన రొమ్ముకేసి చూసింది. చొక్కా గుండీలన్నీ పెట్టే ఉన్నాయి.

తబితను చూసింది సక్రీబాయి ఒక్కతే. ఆమె కృపాదానానికి అవ్వ, చనిపోయిన బాలింతకు తల్లి. ఒక పొద్దున తండా నుంచి పాలమేకను తోలుకొచ్చి గుంజకు కట్టేసి వాకిట్లో కూర్చుంది. మనవడికంటే ముందు తబితను అందుకుంది. జబ్బ పట్టి చూసింది. నల్లదారం కింద వేళ్ళు దూర్చి చూసింది.

“యాడీ” అంది. వాళ్ళ భాషలో అమ్మా అని పిలుపు. “మా పిలగాడు నీ బిడ్డ కూడు తినేసినాడు గదా.”

లేయమ్మ మనసులో రోజూ తిరిగే మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

“మా తండాలో పాలిచ్చినామెను ఉత్త చేతుల్తో పంపియ్యం. ఈ మేక నీది. మీ ఆయప్పది గాదు, దొరసానమ్మది గాదు. పిండి నీ బిడ్డకు తాపు.”

“మీకుండేది ఇదొకటే గదా, సక్రీబాయీ?”

“ఇంగొకటి ఉండాదిలే. ముసిల్ది, నా మాదిరి. అదీ పాలియ్యదు, నేనూ ఇయ్యను” అని పళ్ళులేని నోటితో నవ్వింది. పోతూ పోతూ మనవడి చెవిలో “సోమ్లా” అని పిలిచింది. వాడికి తల్లి పెట్టిన పేరు అదట.

మేకపాలు కాచి తాపుతుంటే కొన్నాళ్ళకు నల్లదారం నడుము మీద నిలిచింది. తబిత గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు వింటూ లేయమ్మ సంతోషంగా రాగులు విసిరింది.

అంతలో కోత పండుగ వచ్చింది. కోతలు లేని ఏడు కూడా కోత పండుగ తప్పదు. ఊళ్ళవాళ్ళు కానుకగా తెచ్చిన గుమ్మడికాయలూ, కోళ్ళూ, ధాన్యమూ ఆరాధన అయ్యాక పెనుకొండ చర్చి ఆవరణలో వేలం వేస్తారు. ఆ పొద్దున లేయమ్మ బావి నుంచి వచ్చేసరికి గుంజ దగ్గర మేక లేదు.

“తండా పేరు మీద కానుకియ్యల్లని వాడు తోలుకపాయ” అంది అత్త, ఒడియాలు ఎండబెడుతూ.

లేయమ్మ కడవ దించింది. తబితను చంకనెత్తుకుని, కృపాదానాన్ని కొంగులో కట్టుకుని పెనుకొండ దారి పట్టింది. ఎండలో నడిచి వెళ్ళేసరికి ఆరాధన అయిపోయింది. మేక మెడలో బంతిపూల దండ వేసి మధ్యలో రాటకు కట్టేశారు. సంఘపెద్ద చిన్నస్వామి అరుస్తున్నాడు. “తండావాళ్ళ తొలి కానుక! మన ఉపదేశి దేవప్ప కష్టానికి దేవుడిచ్చిన ఫలం! పాటకు రండప్పా!”

“కూరకు ఎముకలే మిగులుతాయి గదప్పా!” అన్నాడెవరో. అందరూ నవ్వారు. కుర్చీలో కూర్చున్న దొరసాని, ఏమన్నారో తెలియకపోయినా, తానూ నవ్వింది.

దేవప్ప గబగబా ఎదురొచ్చాడు. “ఈడికెందుకొచ్చినావు?”

“అవి తబిత పాలు.”

“నీది నాది అని ఏముండాది మనలో? తండా నుంచి ఒక్క కానుకన్నా లేకపోతే నేను చేసిన సేవకు విలువేముండాది?”

“సేవ ఎవరు చేసింది?”

“మందిలో మాట్లాడొద్దు. ఇంటికి పో.”

లేయమ్మ కొంగు ముడి విప్పి కృపాదానాన్ని ఆయన చేతుల్లో పెట్టింది. పసిబిడ్డను చేతికిస్తే ఎవరైనా పట్టుకుంటారు. ఆయనా పట్టుకున్నాడు, వేడి గిన్నెను పట్టుకున్నట్టు. ఆమె వెళ్ళి మేక తాడు విప్పింది.

“ఏమమ్మా, పాట పాడకుండానే తోలుకపోతాండావే?” అన్నాడు చిన్నస్వామి.

“ఇది కానుక గాదు, పెద్దాయనా. నా కూలి. పాలిచ్చినందుకు సక్రీబాయి నాకిచ్చిన కూలి.”

నవ్వులు ఆగిపోయాయి. “దేవప్పగారూ, ఆమె ఏమి చెప్పుచున్నది?” అని అడిగింది దొరసాని. దేవప్ప బిడ్డను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

లేయమ్మ గేటు దాకా వెళ్ళింది. వెనక కృపాదానం ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపుకు కుడివైపు పాలు దిగి రవిక తడిసింది. ఈ ఒళ్ళు కూడా ఎప్పుడూ ఆమెను అడగలేదు. ఆమె ఆగింది. ఎలాగూ వెనక్కి వస్తుందిలే అన్నట్టు అందరూ చూస్తున్నారు. ఆమె వెళ్ళలేదు. మేక తాడు ముంజేతికి చుట్టుకుని, గేటు రాయికి ఆనుకుని నిలబడింది.

గుమ్మడికాయలూ కోళ్ళగంపలూ దాటుకుంటూ, ఏడ్చే బిడ్డతో, అంతమంది చూస్తుండగా దేవప్పే నడిచి వచ్చాడు. బిడ్డను ఆమె వైపు చాచాడు.

“పట్టుకో. ఆకలేస్తాండాది వానికి.”

లేయమ్మ చేతులు చాచలేదు.

“అడగండి” అంది.