సాక్ష్యంగా ఉంచిన చిల్లు

గాలివాన వెలిసిన మర్నాడు దర్జీ తన ఇంటి మధ్యగదిలో పీట వేసుకుని, నెత్తిమీది చిల్లుకు కాపలా కూర్చున్నాడు. నవ్వకండి. దాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని కాదు, మూసేస్తారని ఆయన భయం.

మంచమంత మేర పెంకులు లేచిపోయాయి. మట్టితో కట్టిన గోడలు మాత్రం నిలబడ్డాయి. కుట్టుమిషన్‌నీ, జనం ఇచ్చిన బట్టల మూటలనూ పక్కగదికి చేర్చారు. లెక్క తెలిసినవాడైతే నష్టం అంతటితో ఆగిందని సంతోషించేవాడు. కాని ఎదురింటి మాజీ గుమాస్తా పొద్దున్నే ఆయన చెవిలో ఒక మాట ఊదిపోయాడు.

"సర్కారు పరిహారానికి నష్టం రాసేవాళ్లు వచ్చేదాకా పుల్ల కదపకు. పైన టార్పాలిన్ పట్టా కప్పావనుకో, అంతా బాగానే ఉందని రాసుకుపోతారు."

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. తాపీమేస్త్రీ. భుజాన పట్టా, చేతిలో తాడు. వాటా తీసుకుని వేరుపడ్డాక మూడేళ్లుగా ఈ గుమ్మం తొక్కలేదు.

"అన్నయ్యా, అరగంట పని. గోడ నెత్తి తడిస్తే లోపల్నుంచి మెత్తబడిపోద్ది."

"నిన్నెవరు రమ్మన్నారు?"

"మబ్బు. చూడు, మళ్లీ పట్టేట్టుంది."

దర్జీ తమ్ముణ్ణి పైనుంచి కిందికి కొలిచాడు. ఇవాళ కప్పుతాడు, రేపు ఈ ఇంటికి నేనూ చెయ్యేశాను, ఇందులోనూ వాటా ఉందంటాడు.

"ఎంత తీసుకుంటావు?"

"నీ దగ్గరా? ఏం వద్దు."

దాంతో అనుమానం గట్టిపడింది. ఊరికే ఇస్తానన్న సరుకును తిరగేసి చూడనివాడెవడు?

"ఏవండీ, ఆయనేమన్నా పరాయివాడా?" అంది భార్య.

"పరాయివాడైతే ధర చెప్పేవాడు."

"పోనీ ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకుని కప్పించండి."

"ఫొటోలు ఎవడు నమ్ముతాడే?"

ఎవరినీ నమ్మనివాడికి తననూ ఎవరూ నమ్మరనే అనిపిస్తుంది. తమ్ముడు పట్టా అరుగుమీద పెట్టి, "వదినా, మనసు మారితే కబురు చెయ్యి" అని వెళ్లిపోయాడు. దర్జీ దాన్ని మడిచి మంచం కిందికి తోశాడు.

రెండు రోజులు వదలకుండా వాన. మూడోనాటి ఉదయం మధ్యగోడ పక్కగదిలోకి ఒరిగిపోయింది. మనుషులు వంటింట్లో ఉన్నారు కాబట్టి బతికారు. మిషన్ నలిగింది, ఊరివాళ్ల బట్టలు బురదయ్యాయి.

నాలుగోరోజు నష్టం రాసే అధికారిణి వచ్చింది. శిథిలం చుట్టూ తిరిగి, "గోడ ఎప్పుడు పడింది?" అని అడిగింది.

"నిన్నండీ."

"మరి కప్పుకోలేదేం? పట్టా దొరకలేదా?"

భార్య వంగి, మంచం కింది పట్టా లాగి ఆమె ముందు పెట్టింది.

అధికారిణి నిట్టూర్చింది. "కప్పొద్దని మేమెప్పుడూ చెప్పలేదయ్యా. ఫొటోలు తీసి, పగిలిన పెంకులు ఓ పక్కన పోగుచేసి, వెంటనే కప్పుకోమంటాం. పెంకులకు రాస్తాను. గోడకూ మిషన్‌కూ రాయలేను. గాలి చేసిన నష్టం వేరు, మీరు ఊరుకోవడం వల్ల వచ్చింది వేరు."

ఆమెను సాగనంపడానికి వీధిలోకి వచ్చిన దర్జీ తలెత్తాడు. గుమాస్తా ఇంటి కప్పుమీద నీలంపట్టా, చుట్టూ ఇసుక మూటలు. చూస్తుంటే మొదటిరోజు వేసినట్టే ఉంది.

"మరి మీరు కప్పుకున్నారేంటండీ?" అని గుమ్మంలో నిలబడ్డ గుమాస్తాను అడిగాడు.

"మా ఆవిడ ఊరుకోలేదయ్యా" అన్నాడు గుమాస్తా, తలుపు దగ్గరగా వేసుకుంటూ.

దర్జీ అటునుంచి అటే తమ్ముడింటికి నడిచాడు. ఎన్నాళ్లుగానో వెళ్లని దారి.

"నిన్ను అనుమానించానురా."

"అదంతా తర్వాత. గోడ పడిందని విన్నాను. ఆ గదికి ఇంకెన్ని గోడలు నిలబడున్నాయి?"

"మూడు."

"పద మరి."

అనుమానం చెడ్డదని చెప్పను. అది తూకంరాయి లాంటిది, సలహా ఇచ్చినవాణ్ణీ సాయానికి వచ్చినవాణ్ణీ ఒకే రాయితో తూచాలి. కాని మిత్రులారా, విపత్తు వెళ్లిన మర్నాడు మొదటి పని మాత్రం ఒక్కటే: పోయినదాన్ని ఫొటో తీసి పెట్టుకోండి, మిగిలినదాన్ని ఆ పూటే కాపాడుకోండి.