మేనత్త ఇంట్లో రెసిడెంటు దొర

సెమకలెంగ్ తన జన్మలో చూసిన రెసిడెంటు కమిషనర్లలో, అంటే ఆ దేశాన్నేలే తెల్లదొరల్లో, హాడో దొర నాలుగోవాడు. మొదటివాడు గుర్రం దిగకుండానే మాట్లాడి వెళ్ళిపోయాడు. రెండోవాడు జ్వరంతో పోయాడు. మూడోవాడు గుడిసె పన్ను పెంచాడు. ఈ నాలుగోవాడు మాత్రం ఎవరేం చెబుతున్నా మెడ ఓ పక్కకి వాల్చి చివరిదాకా వినేవాడు. అందుకని మొఖల్వానె ఊరంతా అతన్ని మెడవంకర దొర అనేవారు. ఆ సంగతి అతనికీ తెలుసు.

కలహారి ఎడారి అంచున ఉన్న ఆ ఊరికి ఏటా చలికాలం మొదట్లో లారీలో వచ్చేవాడు. తెల్లకోటు, నడుముకి కత్తి, టోపీ మీద ఈకలు. ఒక పూట ఉండి వెళ్ళిపోయేవాడు. వరసగా మూడో కరువు వచ్చిన ఏడు మాత్రం ఊరి పొలిమేరలో లారీ ఇరుసు విరిగింది. కొత్త ఇరుసు కోసం డ్రైవరు ఎద్దుబండి మీద రైలుకట్ట దాకా వెళ్ళాడు. వచ్చేసరికి అయిదు రోజులు పడుతుందన్నారు.

ఊరి రాజు సెయబెలో తిన్నగా సెమకలెంగ్ వాకిట్లోకి వచ్చాడు. ఆమె అతనికి మేనత్త. ఆ ఊళ్ళో రాజుని నలుగురిలో తిట్టే హక్కు మేనత్తకొక్కదానికే ఉంది. ఆ హక్కుని ఆవిడ ఏనాడూ వృథా పోనివ్వలేదు.

“అత్తా, దొరని నీ ఇంట్లో పెట్టుకోవాలి.”

“నీ ఇటుకల ఇంటికేమొచ్చిందిరా?”

“నా పెళ్ళాం పురిట్లో ఉంది కదా. గుమ్మంలో అడ్డకర్ర పెట్టాం. పరాయి మగాణ్ణి లోపలికి ఎలా రానిస్తాం?”

“మరి నీళ్ళెవడు మోస్తాడు? తెల్లోళ్ళు రెండు పూటలా ఒంటి మీద పోసుకుంటారట!”

అంతలో హాడో దొరే వాకిలి గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. బాగా పొడగరి, మీసం సగం నెరిసింది. ఆ దేశానికి వచ్చి ఇరవై ఏళ్ళయింది. కానీ భాష నేర్చుకున్నది పాదిరీల పుస్తకంలోంచి.

“అమ్మా, మీ గృహమందు బస చేయుటకు సెలవు దయచేయుదురా?”

సెమకలెంగ్ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “చెయ్యి నాయనా, నిక్షేపంలా బస చెయ్యి. స్నానం మాత్రం చెయ్యకు.”

ఆ రాత్రి జొన్న పులిసంకటి, ఎండబెట్టిన అలసందాకు కూర పెట్టింది. అతను చేత్తోనే తిన్నాడు. ఇంకొంచెం కావాలని అడిగి మరీ తిన్నాడు. అడిగి తినేవాళ్ళంటే ఆవిడకి ఇష్టం.

మర్నాడు తెల్లవారకముందే ఆడవాళ్ళు కుండలెత్తుకుని ఎండిన ఏటికి బయల్దేరారు. ఓ డబ్బా పట్టుకుని దొర కూడా వెనకాలే వచ్చాడు. కోటు లేదు, టోపీ లేదు. రెండు గంటల నడక. ఏటి ఇసుకలో నిలువులోతు గుంత తవ్వి ఉంది. ఒకరు అడుగుకి దిగి, ఊరిన నీటిని సొరకాయ బుర్రతో కొద్దికొద్దిగా తోడి పైకి అందించాలి. తన వంతు వచ్చినప్పుడు దొర కూడా దిగాడు. ఆ ఒక్క డబ్బా నిండేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. దాన్ని భుజానికెత్తుకుని వస్తుంటే అడుగడుక్కీ తొణికింది.

“దొరా, దారిలో ఏమన్నా విత్తనాలు చల్లావా, తడుపుతున్నావు?” అంది వెనకనుంచి ఒకామె. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. అతను నవ్వలేదు. ఇంటికి చేరేసరికి డబ్బాలో సగం కూడా లేదు. దాన్ని జాగ్రత్తగా దించి గోడవార కూలబడ్డాడు. భుజం ఎర్రగా కమిలింది.

సెమకలెంగ్ మేకకొవ్వు తెచ్చి అతని చేతికిచ్చింది. “రాసుకో. నాలుగేళ్ళుగా బోరుబావి అడుగుతున్నాం. నువ్వేమో ఏటా రాస్తాను, రాస్తాను అంటావు.”

“వ్రాసితిని. నాలుగు పర్యాయములు వ్రాసితిని. పైవారు వలదనిరి.”

“నీకు పైవాళ్ళేంటి? ఈ దేశానికంతా పెద్దవాడివి నువ్వే కదా!”

“నాకు పైన హైకమిషనరు కలడు. ఆయనకు పైన సముద్రమునకు ఆవల మంత్రి కలడు. ఆ మంత్రి కూడ ఖజానావారిని అడుగవలెను.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. “అయ్యో నాయనా! ఇన్నాళ్ళూ నువ్వు అత్తగారివనుకున్నాం. నువ్వూ కోడలివేనన్నమాట!”

అతనికి అప్పుడు నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడకి అతని మీద జాలి కలిగింది. జాలి కలిగినంత మాత్రాన ఊరుకునే మనిషి కాదు.

“మరి గుడిసె పన్ను వసూలుకొచ్చినప్పుడు ఖజానావాళ్ళు వద్దనరేం?”

దొర నవ్వు ఆగిపోయింది. వాలిన మెడ నిటారుగా లేచింది.

మూడోరోజు కొయ్యల దడి మధ్య మగవాళ్ళ సభ కూడింది. దొర లేచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. బోరుబావికి అనుమతి రాలేదు, ఇక ముందూ రాదు, నిరుడే చెప్పవలసింది, చెప్పడానికి సిగ్గుపడ్డాను అన్నాడు. సభ గోలెత్తిపోయింది. “మరి ఆ టోపీకి ఈకలెందుకు?” అని ఒక ముసలాయన అరిచాడు. దొర తల వంచుకుని నిలబడ్డాడు.

“నేనొక మాట అడగాలి,” అంటూ దడి అవతలనుంచి సెమకలెంగ్ గొంతు వినిపించింది. ఆడది సభలో మాట్లాడటం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

“అత్తా, ఇది మగాళ్ళ సభ,” అన్నాడు సెయబెలో.

“నీళ్ళు కూడా మగాళ్ళే మొయ్యండి, నోరు మూసుకుంటాను.”

ఆవిడ దొర వైపు తిరిగింది. “ఎవర్నీ అడక్కుండా నువ్వు చెయ్యగలిగింది ఒక్కటి చెప్పు నాయనా. ఒక్కటే.”

అతను మెల్లిగా చెప్పాడు. దేశం మొత్తానికి బోరు తవ్వే యంత్రం ఒక్కటే ఉంది. ఇప్పుడది అతని కచేరీ ఉన్న ఊరికి పోతోంది. పోలీసు గుర్రాలకీ, అతని ఇంటి తోటకీ నీళ్ళు కావాలని. “అది ముందుగా ఏ ఊరికి పోవలెనో నిర్ణయించునది నా సంతకమే.”

“అయితే పెట్టవయ్యా!”

సెయబెలో తన పీట ఖాళీ చేసి ముందుకి జరిపాడు. దొర నేల మీద మోకాళ్ళూని, ఆ పీట మీద కాగితం పెట్టి సంతకం చేశాడు.

రెండు నెలలకి యంత్రం వచ్చింది. మొదటి గుంతలో దుమ్ము లేచింది. రెండో గుంతలో ఉప్పునీళ్ళు పడితే మేకలు కూడా మూతి తిప్పుకున్నాయి. మూడోది తవ్వేటప్పుడు ఎవరికీ ఆశ లేదు. చూడ్డానికి ఎవరూ వెళ్ళను కూడా లేదు. యంత్రం దగ్గర మనిషి బురద మొహంతో కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆ తియ్యటి నీళ్ళు నాలిక మీద పడగానే సెమకలెంగ్ అక్కడే చతికిలబడి ఏడ్చింది.

పంటకోతలనాటికి సెయబెలో ఇంకో కబురు తెచ్చాడు. పోలీసు గుర్రాలు నీళ్ళు లేక అవస్థ పడ్డాయట. పైవాళ్ళు సంజాయిషీ అడిగారట. హాడో దొర చేసిందంతా ఒప్పుకున్నాడట. ఉద్యోగం గడువుకి ఏడాది ముందే ఇంటికి పొమ్మన్నారట.

“మన మూలానేనా?”

“మన మూలానే అత్తా.”

దొర కచేరీ ఉన్న ఊళ్ళో జరిగే వీడ్కోలుకి సెయబెలోతో పాటు ఆవిడా బయల్దేరింది. “అక్కడ నీకేం పని?” అని అతనంటే, “నా చేతి ముద్ద అయిదు రోజులు తిన్నాడు, సాగనంపొద్దా?” అంది. అక్కడి మైదానంలో అన్ని ఊళ్ళ రాజులూ వరసగా నిలబడ్డారు. దొర ఒక్కొక్కరికీ చెయ్యిస్తూ వస్తున్నాడు. ఆడవాళ్ళని దూరంగా తాడు వెనక నిలబెట్టారు. సెమకలెంగ్ గొంతెత్తి, తమ ఊరి పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళలా నాలిక ఆడిస్తూ కూత పెట్టింది. బ్యాండు వాళ్ళు ఉలిక్కిపడి వాయించడం ఆపేశారు. దొర వరస వదిలేసి, మైదానం దాటి, తాడు దగ్గరికొచ్చాడు.

“ఎక్కడికి పోతావు నాయనా?”

“సముద్రతీరమందు మా అక్కగారి గృహమునకు.”

“మంచిదేనా?”

“మిక్కిలి కఠినురాలు.”

“మంచిమాట. నీకు అట్టాంటి మనిషే ఉండాలి.”

ఆవిడ తాడు మీదుగా చెయ్యి చాచి అతని చెంప నిమిరింది. నడి మైదానంలో, అందరూ చూస్తుండగా.

మరుసటి ఏడు ఊరి బడిపంతులు పేరిట హాడో దొర ఉత్తరం వచ్చింది. ఇక్కడ రోజూ వాన పడుతుంది, అందరూ విసుక్కుంటారు, నాకు మాత్రం విసుక్కోవడం చేతకావడంలేదు అని రాశాడు. సెమకలెంగ్ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత పంతులు చేత జవాబు రాయించింది. సెయబెలో కొడుక్కి పళ్ళొచ్చాయని, తన మేక మూడు పిల్లల్ని ఈనిందని, కొత్త దొర బాగా పొట్టివాడని.

“ఇంకేం రాయాలి?” అన్నాడు పంతులు.

“వానలో ఊరికే తిరగద్దని రాయి. అక్క కేకలేస్తుంది.”