సెర్బియా కాగితం

బందరు కచేరీ ఎదుట రేకుల పంచలో కృపావరం అప్పటికి రెండో అర్జీ టైపు చేస్తున్నాడు. ఎడమచేతి రెండు వేళ్లు జర్మనీ చలికి కొరగాకుండా పోయాయి. మిగిలిన వేళ్లతోనే ఎవరికీ తీసిపోకుండా కొట్టేవాడు. యుద్ధంలో పట్టుబడి, ఖైదీల శిబిరంలో సెర్బియా సైనికుల మధ్య మూడేళ్లు గడిపాడు. ఆ భాష అక్కడే వంటబట్టింది. దివిసీమకు తిరిగొచ్చిన ఈ పదమూడేళ్లలో దానితో ఎవరికీ పని పడలేదు.

చివరికి పని పడింది అదే ఊరి జ్ఞానమ్మకే. ఓడలో కళాసీగా వెళ్లిన ఆమె భర్త యాకోబు యుగోస్లావియా రేవులో జ్వరమొచ్చి పోయాడు. అక్కడి ఆసుపత్రివాళ్లు పంపిన మరణపత్రం సెర్బియా భాషలో ఉంది. వితంతువులకిచ్చే టీచరు ట్రైనింగు సీటుకు దాని అనువాదం జతచేయాలి. గడువు ఆ సాయంత్రమే. కృపావరం ఇంగ్లీషులోకి మార్చి, మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి మరీ సంతకం పెట్టినా, గుమాస్తాలు రెండుసార్లు తిప్పిపంపారు.

ఈసారి ఆమెను వెంటబెట్టుకుని తానే లోపలికి వెళ్లాడు. సూపరింటెండెంటు శోభనాద్రి కాగితం ముట్టుకోలేదు. సర్కారు గుర్తించిన అనువాదకుడి ముద్ర ఉండాలనీ, ఢిల్లీకి పంపుకోమనీ అన్నాడు. అది తిరిగొచ్చేసరికి మూడు నెలలవుతుందంటే, ఆ పూచీ తనది కాదన్నాడు.

"ఇందులో తప్పుందాండీ?" అని అడిగాడు కృపావరం.

"ఏమోనయ్యా. ఇక్కడ ఆ భాష ఎవరికొచ్చు?"

"నాకొచ్చండి. మూడేళ్లు ఆ భాషలోనే రొట్టె అడుక్కున్నాను. పక్కనోళ్లు చచ్చిపోతూ వాళ్లమ్మల్ని పిలుచుకుంటుంటే ఆ భాషలోనే విన్నాను. ఇంకే ముద్ర కావాలండీ?"

శోభనాద్రి బంట్రోతు వైపు చూశాడు. బంట్రోతు తలుపు తీసి పట్టుకున్నాడు.

మెట్లు దిగుతూ కృపావరం రొమ్ము పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. జ్ఞానమ్మే చెయ్యి పట్టుకుంది.

"పోనీ లెండి మావయ్యా," అంది.

"ఎందుకు పోనివ్వాలమ్మా? మొగుడు పోయాడని నువ్వు ఏడిస్తే చాలదంట. ఢిల్లీ చెప్పాలంట."

వెళ్లి మిషనులోకి కొత్త కాగితం ఎక్కించి కలెక్టరుకు ఫిర్యాదు మొదలుపెట్టాడు. నాలుగో వరుస సగంలో మిషను చప్పుడు ఆగింది. పక్కనే కూర్చున్న జ్ఞానమ్మ తలెత్తి చూసేసరికి ఆయన నుదురు మిషను మీద ఆని ఉంది. ఆసుపత్రికి మోసుకెళ్లేలోపే ప్రాణం పోయింది.

జ్ఞానమ్మ పంపుకున్న కాగితానికి ఢిల్లీ అనువాదం నాలుగో నెలలో వచ్చింది. కృపావరం రాసినదానికీ దానికీ ఒక్క విషయంలోనూ తేడా లేదు. సీటు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారు.

రెండు కాగితాలూ పట్టుకుని జ్ఞానమ్మ కృపావరం ఇంటికి వెళ్లింది. ఆయన భార్య సరోజ వాటిని అందుకుని చూసింది. తర్వాత లేచి, రేకుపెట్టె అడుగు నుంచి ఓ చిన్న పుస్తకం తీసి ఆమె ఒడిలో పెట్టింది. కృపావరం శిబిరంలో సిగరెట్టు అట్టలు చింపి దారంతో కుట్టుకున్నది. లోపల పెన్సిలుతో, తెలుగు అక్షరాల్లో: హ్లెబ్, రొట్టె. వోదా, నీళ్లు. ఉదోవిత్స, మన విధవ మాటే.