వంటగదిలోంచి తీసిన జాగా

"వంటగదిలోంచి తీసేద్దాంలెండి." ఆఫీసులో ఆ మాట ఎప్పుడూ నాదే.

మేం కట్టించే అపార్టుమెంట్ల ప్లానుల్లో గోడలు నేను గీస్తాను. దూలాలు ఒకరు, పైపులు ఇంకొకరు పెడతారు. అందరి పనీ కంప్యూటర్లో ఒకే మోడల్లో కలుస్తుంది. పైపు వెళ్లి దూలానికి గుద్దుకుంటే అక్కడ ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు సర్దుకోవాలి. సర్దుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఎరుపు కనబడగానే వంటగది గోడను లోపలికి జరిపేసేదాన్ని. "నీతో పనంటే హాయమ్మా!" అనేవారు బాస్. పొంగిపోయేదాన్ని, సిగ్గులేని మొహాన్ని.

ఇవాళ మీటింగులో ప్లంబింగ్ ఇంజనీరు, నాకన్నా చిన్నపిల్ల, పెద్ద తెర మీద మేం గీస్తున్న అపార్టుమెంటు వంటగదిలో ఒక మనిషి బొమ్మను నిలబెట్టి ఫ్రిజ్ తలుపు తెరిచింది. తలుపు బొమ్మ కడుపులోకి దిగబడింది. బొమ్మంతా ఎర్రగా వెలిగింది.

"అయ్యో పాపం, ఈవిడ ఊపిరి బిగబట్టి వండాలన్నమాట!" అందా పిల్ల.

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు మాత్రం భగ్గుమన్నాయి. ఇంట్లో ఫ్రిజ్ తెరవాలంటే నేనూ అలాగే కడుపు లోపలికి పీల్చుకుని పక్కకి తిరుగుతాను. మా ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన, "నిలబడేది నువ్వొక్కదానివేగా, ఎంత జాగా కావాలేంటి?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య, "అదే సర్దుకుంటుందిలేరా," అని నా తరఫున జవాబిచ్చేశారు. ఆ ప్లాను గీసిందీ నేనే, వంటగదిలోంచి కోసి ఆయన ఆఫీసు గదికి కలిపిందీ నేనే. సరే, నా ఖర్మ అనుకోవచ్చు. మరి ఇన్ని ఫ్లాట్లలో, మొహమైనా చూడని ఇంతమంది ఆడవాళ్లకి? వాళ్లకి మా ఆయనా నేనే అయ్యాను, అత్తయ్యా నేనే అయ్యాను. ఛీ, ఏం బతుకిది అనిపించింది. తల ఎత్తి ఆ తెర వంక చూడలేకపోయాను.

"నవ్వింది చాలు," అన్నారు బాస్. "ఇవాళ మోడల్ ఖరారు చేసేస్తున్నాం, తర్వాత మార్చేది లేదు. పైపులకి ఇంకో జానెడు కావాలట. ఎప్పట్లాగే కానివ్వమ్మా."

మౌస్‌తో వంటగది గోడను పట్టుకున్నాను. ఈసారి లోపలికి నెట్టలేదు. బయటికి, ఫ్లాటులో పక్కనున్న ఆఫీసు గదిలోకి లాగాను. పైపులకి జానెడు, ఆ బొమ్మకి రెండు జానలు.

"అరెరే, ఏం చేస్తున్నావు? జనం ఫ్లాటు కొనేదే ఆ ఆఫీసు గది చూసి! వంటగదిలో ఎవరుంటారమ్మా?"

తల ఎత్తి తెర మీది బొమ్మ వంక చూశాను.

"నేనుంటాను సార్," అన్నాను.